అద్దె తక్కువ ఊరు వేరు, ఖర్చు తక్కువ ఊరు వేరు: కుటుంబంతో స్థిరపడే చోటు ఎంచుకోవడానికి సమగ్ర మార్గదర్శి

తక్కువ ఖర్చులో ఎక్కడ స్థిరపడాలి అని అడిగేవాళ్లు చాలామంది ముందు అద్దెలు చూస్తారు. అద్దె కంటికి కనిపించే ఖర్చు కాబట్టి లెక్క అక్కడే మొదలై అక్కడే ఆగిపోతుంది. ఇల్లు మారాక పెట్రోలు, పిల్లల వ్యాన్, కొనుక్కునే నీళ్లు, పాత ఊరికి రాకపోకలు ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. ఆరు నెలలు తిరిగేసరికి మిగలాల్సిన డబ్బు కనబడదు.

అందుకే ఇక్కడ పనులకు ఒక వరుస ఉంది. ముందు ఖర్చు లెక్క, తర్వాత ఉన్నచోటే తగ్గించుకోవడం, ఆ తర్వాతే ఊరు, అన్నిటికంటే చివర సొంత ఇల్లు. ఈ వరుస తప్పకండి. లెక్కల్లో ఏ దేశపు డబ్బూ వాడలేదు. ఇంటి నెల ఆదాయాన్ని 100 భాగాలుగా తీసుకున్నాం. మీ అంకెలు వేసుకుని చూసుకోండి.

1. మూడు నెలల ఖర్చు రాయండి, మూడు గళ్లలో

ఒక నోటుపుస్తకం చాలు. ఇంట్లో డబ్బు ఖర్చుపెట్టే ప్రతి ఒక్కరూ అదే పుస్తకంలో, అదే రోజు రాత్రి రాయాలి. వారానికోసారి గుర్తుచేసుకుని రాస్తే చిన్న ఖర్చులు జారిపోతాయి. నెలాఖరున లెక్క తప్పేది కూడా వాటి దగ్గరే.

ప్రతి ఖర్చునూ ఈ మూడింటిలో ఒక గడిలో వేయండి:

- ఎక్కడికెళ్లినా మారనివి: అప్పుల వాయిదాలు, బీమా, రోజూ వాడే మందులు, పెద్దవాళ్లకు పంపే డబ్బు.
- ఊరితో మారేవి: అద్దె, రాకపోకలు, నీళ్లు, కరెంటు, స్కూలు ఫీజు, పిల్లల్ని చూసుకునే మనిషి జీతం.
- అలవాటుతో మారేవి: బయట తిండి, ఆన్‌లైన్ కొనుగోళ్లు, వాడని చందాలు, ఆలోచించకుండా కొన్న వస్తువులు.

ఏడాదికోసారి వచ్చే ఖర్చులు మూడు నెలల పుస్తకంలో పడవు. గత 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని బీమా, ఫీజులు, పన్నులు, బండి మరమ్మతులు, ప్రయాణాలు ఏరి, మొత్తాన్ని 12తో భాగించి నెల ఖర్చులో కలపండి. స్టేట్‌మెంట్‌లో ఏటీఎం నుంచి తీసినట్టు కనిపించే డబ్బు దేనికి పోయిందో స్టేట్‌మెంట్ చెప్పదు. ఇలా దారి తెలియని డబ్బు ఆదాయంలో 5 శాతం దాటితే ఇంకో నెల రాయాల్సిందే.

మూడు నెలలయ్యాక గళ్లు కూడండి. మీ బరువు మొదటి గడిలో ఉంటే ఊరు మారినా పెద్దగా ఒరిగేదేమీ లేదు, అప్పు సంగతి చూడాలి. మూడో గడిలో ఉంటే ఆ ఖర్చు మీతోపాటే కొత్త ఊరికి వస్తుంది. రెండో గడి పెద్దగా ఉన్నవాళ్లకే మారడం వల్ల లాభం. ఈ ఒక్క విషయం తేలకుండా ఇళ్ల వేటలో పడకండి.

2. ఉన్నచోటే తగ్గేవి ముందు తగ్గించండి

అప్పు: వడ్డీ ఎక్కువున్న అప్పు ముందు తీర్చాలి, మొత్తం చిన్నదా పెద్దదా అన్నది తర్వాత. నెలకు 3 శాతం వడ్డీ అంటే చిన్నగా వినిపిస్తుంది. కట్టకుండా వదిలేసి వడ్డీకి వడ్డీ పడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. అలాంటి అప్పు ఉండగా ఇల్లు మారే ఖర్చు నెత్తికెత్తుకోవద్దు.

కరెంటు: ఏ వస్తువు ఎంత లాగుతుందో లెక్కేయడం తేలిక. వాట్లను గంటలతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు. రోజుకు 6 గంటలు వెలిగే 60 వాట్ల పాత బల్బు నెలకు దాదాపు 11 యూనిట్లు తింటుంది. అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి 2 యూనిట్లు కూడా పట్టవు. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు కాచాలంటే అర యూనిట్ పైనే కావాలి. కాబట్టి గీజరు రోజంతా ఆన్‌లో పెట్టకుండా స్నానాలన్నీ ఒకదాని వెంట ఒకటి కానివ్వండి.

రాత్రి పడుకునే ముందు మీటరు రీడింగు ఫోటో తీసి, పొద్దున లేవగానే మళ్లీ తీయండి. ఫ్రిజ్, ఫ్యాన్ల లెక్క పోను ఇంకా తిరిగి ఉంటే ఏదో వస్తువు ఊరికే కరెంటు లాగుతోంది. ప్లగ్గులు ఒక్కొక్కటీ తీసి చూస్తే అదేదో దొరుకుతుంది.

నీళ్లు: కారే కుళాయి కింద లీటరు సీసా పెట్టండి. గంటలో నిండితే రోజుకు 24 లీటర్లు, నెలకు 720 లీటర్లు పోతున్నట్టే. టాయ్‌లెట్ ఫ్లష్ ట్యాంకులో కొంచెం రంగు కలిపి అరగంట వాడకుండా వదిలేయండి. కింద గిన్నెలోకి రంగు దిగితే లోపలి రబ్బరు వాల్వు పోయింది. చవక భాగమే, మార్చేస్తే సరి.

సరుకులు: ధర పెట్టె మీద కాకుండా కిలోకి, లీటరుకి లెక్కేసి పోల్చండి. పెద్ద ప్యాకెట్ 10 శాతం చవకని తెచ్చి అందులో 15 శాతం పాడైతే, వాడుకున్న సరుకు మీకు దాదాపు 6 శాతం ఎక్కువ ధరకు పడింది. నిల్వ ఉండేవే ఎక్కువ తెచ్చుకోండి. కొనడానికి వెళ్లేముందు ఇంట్లో ఏమున్నాయో చూసి, ముందు అవి అయిపోయేలా వారం వంట రాసుకోండి.

రెండు నెలలు ఇలా నడిచాక వచ్చిన మొత్తమే మీ అసలు నెల ఖర్చు. కొత్త ఊరిని పోల్చాల్సింది దీనితోనే. తగ్గించుకోకముందు అంకెతో పోలిస్తే ఏ ఊరైనా చవకగానే కనిపిస్తుంది.

3. అద్దె ఒక్కటే కాదు, తేడా మొత్తం లెక్కేయండి

నెలకు ఆదాయం 100, అద్దె 30, రాకపోకలకు 8 పెడుతున్న కుటుంబం ఒకటి అనుకుందాం. వాళ్లు రెండు ఇళ్లు చూశారు.

మొదటి ఇల్లు ఊరి చివర. అద్దె 16, అంటే 14 తగ్గింది. కానీ రాకపోకలు 8 నుంచి 14కి చేరాయి. పిల్లల వ్యాన్‌కు 3, కొనే నీళ్లకు 2, పాత ఊరికి ప్రయాణాలకు 2. పెరిగినవన్నీ కలిపితే 13. ఇల్లు మారడానికి 36 ఖర్చయింది. మూడేళ్లుంటారనుకుని 36 నెలలకు పంచితే నెలకు 1. మిగిలింది సున్నా.

రెండో ఇల్లు స్కూలుకు నడిచి వెళ్లేంత దూరంలో, బస్సు దారి మీద. అద్దె 20, అంటే 10 తగ్గింది. రాకపోకలు 9, వ్యాన్ అక్కర్లేదు, నీళ్లు కొనక్కర్లేదు, పాత ఊరి ప్రయాణాలకు 2. పెరిగింది 3, ఇల్లు మారే ఖర్చు వాటా 1. నెలకు 6 మిగిలింది. అద్దె 4 ఎక్కువున్న ఇల్లే నిజానికి చవక.

మీ సూత్రం ఇది: ఊరితో తగ్గే ఖర్చులు, అందులోంచి ఊరితో పెరిగే ఖర్చులు తీసేయండి, ఆదాయం తగ్గితే అదీ తీసేయండి, మారే ఖర్చును ఉండబోయే నెలలతో భాగించి అదీ తీసేయండి. మిగిలేది ఆదాయంలో 5 శాతం కంటే తక్కువైతే డబ్బు కోసం మారకండి. అంత చిన్న తేడాను అద్దె ఒక్కసారి పెరిగితే చాలు, మింగేస్తుంది.

సమయాన్ని కూడా పక్కన రాసుకోండి. ఒక్కో వైపు 40 నిమిషాలు ఎక్కువ పడితే, 25 పనిరోజుల నెలలో 33 గంటలు రోడ్డు మీదే పోతాయి. అవి పిల్లల దగ్గర ఉండాల్సిన గంటలు, ఇంట్లో వంట చేసుకోవాల్సిన గంటలు. అలసిపోయి ఇంటికొచ్చిన వాళ్లే బయట తిండి కొంటారు.

4. ఊళ్ల జాబితా వడపోత

ఇంట్లో అందరూ కూర్చుని తప్పనిసరి షరతులు రాయండి. మూడుకు మించనివ్వకండి. ఏడెనిమిది షరతులు పెట్టుకుంటే ఏ ఊరూ నచ్చదు, చివరికి విసిగి ఏదో ఒకటి ఒప్పేసుకుంటారు. మిగతావన్నీ ఉంటే మంచిదే అన్న లెక్కలో వేయండి.

ఐదారు ఊళ్లతో మొదలుపెట్టి రెండుకు తేవాలి. ఒక్కో ఊరికి ఇవి రాయండి:

- ఇప్పటి పని అక్కడి నుంచి చేయగలరా? ఆ పని పోతే అరగంట, ముప్పావుగంట దూరంలో ఇంకో పని దొరుకుతుందా?
- రాత్రిపూట అత్యవసరం వస్తే చూసే ఆసుపత్రి ఎన్ని నిమిషాల దూరం?
- పిల్లల తరగతికి స్కూల్లో సీటు ఉందా, ఏ నెలలో చేరాలి? రెండేళ్ల తర్వాతి తరగతులూ అక్కడే ఉన్నాయా?
- చివరి బస్సు లేదా రైలు ఎన్నింటికి?
- వేసవిలో నీళ్లు, కరెంటు ఎలా ఉంటాయి? వానాకాలంలో ఏ వీధులు మునుగుతాయి?
- ఇంటి నుంచి పనిచేసేవాళ్లుంటే నెట్ లైను ఏది, అది పోతే రెండోది ఉందా?

అద్దె అంచనాకు అన్నిటికంటే తక్కువున్న ప్రకటన పట్టుకోకండి. మీకు కావాల్సిన సైజు ఇళ్లు పది చూసి, అద్దెల్ని వరుసలో రాసి నడిమి అంకె తీసుకోండి. నెలల తరబడి అదే ప్రకటన కనిపిస్తుంటే ఆ ఇల్లు ఎందుకు ఖాళీగా ఉందో కనుక్కోవాలి.

5. రెండుసార్లు వెళ్లి చూడండి

ఒకసారి పనిరోజు పొద్దున. మీరు బయల్దేరే సమయానికే బయల్దేరి, వెళ్లే దారిలోనే వెళ్లి, గడియారం చూసుకోండి. ఆదివారం మధ్యాహ్నం 20 నిమిషాల్లో తెమిలే దారి సోమవారం పొద్దున గంట పట్టొచ్చు. రెండోసారి ఆ ఊరికి కష్టకాలంలో: నడివేసవో, ముసురు పట్టిన రోజులో. వీలైతే వారం రోజులు చిన్న గది తీసుకుని ఉండండి. సరుకులు అక్కడే కొని వండుకుంటే మీ పుస్తకంలోని అంకెలతో పోల్చడానికి నిజమైన అంకెలు దొరుకుతాయి.

ఎవర్ని అడుగుతున్నామన్నది ముఖ్యం. యజమానికి, బ్రోకరుకు ఇల్లు అద్దెకు పోవాలి. పక్కింట్లో అద్దెకున్నవాళ్లు, మందుల షాపులో కూర్చునేవాళ్లు, స్కూలు వ్యాన్ నడిపేవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెబుతారు.

ఎలా అడుగుతున్నామన్నదీ ముఖ్యమే. "నీళ్ల సమస్య ఉందా అండీ?" అంటే "అబ్బే, ఏం లేదు" అనేస్తారు. "నీళ్లు ఎన్ని రోజులకోసారి వదులుతారు? ఎన్నింటికి? ఎంతసేపు? పోయిన వేసవిలో ట్యాంకరు తెప్పించుకున్నారా, ఎన్నిసార్లు?" అని అడగండి. అంకెలు అడిగితే అంకెలే వస్తాయి.

6. ఇల్లు చూసేటప్పుడు

పగటి వెలుగులో చూడండి. 10 లీటర్ల బకెట్, ఫోన్ ఛార్జరు వెంట తీసుకెళ్లండి.

- బకెట్ నింపి సమయం చూడండి. నిమిషంలో నిండితే ధార బాగున్నట్టు, మూడు నిమిషాలు పడితే రోజూ బాధే. ఇంకో కుళాయి కూడా తిప్పి ధార ఎంత పడిపోతుందో చూడండి.
- ఆ బకెట్ నీళ్లు బాత్రూంలో కుమ్మరించండి. నీళ్లు తూము వైపు పోవాలి, మూలన నిలవకూడదు.
- గోడల అడుగున తెల్లటి ఉప్పుపొడి, ఉబ్బిన రంగు, అల్మరాల వెనక ముక్కవాసన ఉన్నాయా? గోడకు కిందిభాగం వరకే కొత్త రంగు వేసి ఉంటే చెమ్మను కప్పారేమో అడగండి.
- పై అంతస్తయితే మధ్యాహ్నం వెళ్లి కప్పు కింద నిలబడండి. ఆ వేడి దించడానికయ్యే కరెంటు కూడా మీ అద్దెలో భాగమే.
- ప్రతి సాకెట్‌లో ఛార్జరు పెట్టి చూడండి. లోపలి గదిలో తలుపేసుకుని ఫోన్ మాట్లాడి చూడండి.
- కరెంటు, నీళ్ల మీటర్లు మీకు విడిగా ఉన్నాయా? లేకపోతే బిల్లు ఎలా పంచుతారు?

నచ్చితే వెంటనే అడ్వాన్సు చేతిలో పెట్టకండి. ఒప్పందం కాగితం మీద ఉండాలి. అద్దె, అది ఎప్పుడు ఎంత శాతం పెరుగుతుంది, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఏ కారణాలకు కోత పెడతారు, ఏ మరమ్మతు ఎవరిది, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవి అందులో రాసి ఉండాలి. చేరే రోజున ప్రతి గోడ, కుళాయి, మీటరు రీడింగు ఫోటోలు తీసి యజమానికి పంపండి. ఖాళీ చేసే రోజున అడ్వాన్సు గొడవ వస్తే మీ దగ్గరుండే సాక్ష్యం అదే.

7. కొనడానికి తొందరపడకండి

కొత్త ఊళ్లో మొదటి ఏడాది అద్దెకే ఉండండి. అన్ని కాలాలూ చూడకుండా ఏ వీధి మునుగుతుందో, ఏ బోరు ఎండుతుందో తెలియదు. అద్దె ఇల్లయితే తప్పు జరిగినా రెండు మూడు నెలల అద్దెతో బయటపడతారు. కొన్న ఇల్లు అంత తేలిగ్గా వదలదు.

ఏడాది తర్వాత ఈ లెక్క చేయండి. ఇంటి ధరను, అలాంటి ఇంటికి ఏడాది అద్దెతో భాగించండి. 15 లోపు వస్తే కొనుగోలు ఆలోచించవచ్చు, 20 దాటితే మామూలుగా అద్దెకుండటమే లాభం. ఇది స్థూలమైన కొలతే అయినా మోజులో పడిపోకుండా కాపాడుతుంది.

అప్పు గడువు మీద ఇంకా జాగ్రత్త అవసరం. 9 శాతం వడ్డీకి 100 అప్పు తీసుకుంటే మొత్తం కట్టేది:

- 15 ఏళ్లకు 183
- 20 ఏళ్లకు 216
- 30 ఏళ్లకు 290

20 నుంచి 30 ఏళ్లకు పెంచితే నెల వాయిదా పదో వంతు మాత్రమే తగ్గుతుంది, కట్టే మొత్తం మాత్రం 74 పెరుగుతుంది. "వాయిదా ఇంకా తగ్గిస్తాం" అని ఎవరైనా అన్నప్పుడు ఈ అంకె అడగండి.

వాయిదాతోపాటు పన్ను, బీమా, మరమ్మతులు ఉంటాయి. మరమ్మతులకు ఏటా ఇంటి ధరలో 1 శాతం పక్కన పెట్టడం క్షేమం. అన్నీ కలిపి ఆదాయంలో మూడో వంతు దాటకూడదు. ఆస్తి మీద తనఖా, కోర్టు తగాదా, వాటాదారులు ఉన్నారేమో అమ్మేవాళ్లతో సంబంధం లేని వకీలుతో చూపించుకోండి. అక్కడ ఫీజు మిగుల్చుకోవాలని చూడవద్దు.

8. మారే నెల

చేతిలో ఉండాల్సిన డబ్బు: పని ఖాయమైతే మూడు నెలల ఖర్చు, ఖాయం కాకపోతే ఆరు నెలలది. అడ్వాన్సు, సామాను రవాణా దీనికి అదనం.

పని ఈ వరుసలో జరగాలి: ఉద్యోగం లేదా సంపాదన ఖాయం, తర్వాత స్కూలు సీటు, తర్వాత ఇల్లు, చివర సామాను. ఇల్లు ముందు తీసుకుని స్కూలు వెతికితే వ్యాన్ ఖర్చు మెడకు చుట్టుకుంటుంది.

సామాను రవాణాకు ముగ్గురి దగ్గర ధర అడగండి. ఎత్తుదింపులు, మెట్లు, దారి సుంకాలు కలిపి చెప్పమనండి. పాత బీరువా తీసుకెళ్లే ఖర్చు, అక్కడ వాడిన బీరువా కొనే ధర పోల్చి చూస్తే కొన్ని వస్తువులు ఇక్కడే అమ్మేయడం మేలని తేలుతుంది.

- స్కూలు టీసీ, మార్కుల పత్రాలు, టీకాల కార్డు, వైద్యుల చీటీలు, ఒక నెల మందులు చేతిసంచిలో, లారీలో కాదు.
- పాత ఇంటి కరెంటు, నీళ్లు, గ్యాసు, నెట్ చివరి రీడింగుతో మూసేసిన రసీదులు.
- బ్యాంకు, బీమా, గుర్తింపు పత్రాల్లో చిరునామా మార్పు.

9. చేరాక దొర్లే పొరపాట్లు, సవరణలు

ఇల్లు పెద్దదని సామాను కొనేయడం. మొదటి మూడు నెలలు ఫర్నిచర్ జోలికి పోకండి. కావాలనిపించింది గోడ మీద రాసిపెట్టండి. మూడు నెలల తర్వాత కూడా కావాలనిపిస్తేనే కొనండి.

రెండో బండి. తగ్గిన అద్దెను చాలా ఇళ్లలో తినేసేది ఇదే. కొనే ముందు నెల వాయిదా, బీమా, ఇంధనం, సర్వీసు కూడి, అదే డబ్బుతో బస్సుకో స్కూలుకో దగ్గరున్న ఇల్లు వస్తుందేమో చూడండి.

ప్రతి వారం పాత ఊరికి పరుగు. మొదట్లో బెంగ సహజం. నెలకు ఎన్ని ప్రయాణాలో ముందే ఒప్పుకుని, ఆ డబ్బు విడిగా పెట్టండి. ఇక్కడ పిల్లలకు ఒక ఆటల గుంపు, పెద్దలకు పలకరించే ఇరుగుపొరుగు దొరికేదాకా ఈ ఖర్చు తగ్గదు. కాబట్టి ఆ పని మొదటి నెలలోనే మొదలుపెట్టండి.

మిగులు కనిపించకపోవడం. నెలాఖరున మిగిలితే దాద్దామనుకుంటే మిగలదు. 3వ మెట్టులో తేలిన మొత్తాన్ని జీతం పడిన రోజే వేరే ఖాతాకు పంపేయండి.

మూడో నెల, ఆరో నెల చివర మళ్లీ పుస్తకం తెరిచి మూడు గళ్లూ కూడండి. ఆరో నెలకూ అనుకున్న మిగుల్లో సగం కూడా రాకపోతే ఏ వరుస పెరిగిందో వెతకండి. అది రాకపోకలో నీళ్లో అయితే అదే ఊళ్లో ఇంకో వీధికి మారితే చాలు. సంపాదనే పడిపోయి ఉంటే మాత్రం ఇంటి ఒప్పందం తిరిగి రాసుకునే లోపు రెండో ఊరి జాబితా బయటకు తీయండి.